వలస – ముంపు: బీచుపల్లి రేవునుండి ఒక పరిశీలనము

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు రాజమార్గము బీచుపల్లివద్ద కృష్ణను దాటును. ఆంజనేయస్వామి యాలయము, స్నానఘట్టములు, వంతెన: బాటసారి కంటబడునది ఇంతియే. ఎగువన జూరాల, దిగువన శ్రీశైలము గల ఈ రేవు రెండానకట్టల నడుమ నున్నది. ఈ సీమలో కూలికై దేశాంతరము పోయినవారు కలరు. దిగువ తీరమున నీటిలో ఊరు పోగొట్టుకొన్నవారును కలరు. ఈ రెండు తెఱగులవారి సాహిత్యమును గూర్చి వ్రాయునప్పుడు మన విమర్శకులు తఱచుగా 'వలస' యను నొక్క మాటతోనే సరిపెట్టుచున్నారు. ఈ వాడుక సరికాదని మా యభిప్రాయము.

'వలస' తెలుగువారికి చిరపరిచితమైన మాట. శత్రుసేనకు వెఱచి ఇల్లు విడిచి పరసీమకు పోవుట యను నర్థమును బ్రౌను తన నిఘంటువున చెప్పినాడు. ఉత్తరాంధ్రమున ఆమదాలవలస, కొత్తవలస మున్నగు గ్రామనామములందు ఈ మాట స్థిరపడినది. పోకను దెలుపు శబ్దము, పోయి కుదురుకొన్న చోటునకు పేరయినదన్నమాట. పాలమూరు వ్యవహారమున దీని యర్థము మఱియొక దారి పట్టినది. ఇచ్చట వలసపోవుట యనగా వాన తప్పిన యేట గుంపు మేస్త్రీ యిచ్చిన అడ్వాన్సు పుచ్చుకొని, ఆలుమగలు పదిమందితో గూడి పోయి, కొన్ని నెలలు మట్టిపనియో రాతిపనియో చేసి మఱలివచ్చుట. నాగార్జునసాగరము మొదలుకొని అనేక నిర్మాణములందు 'పాలమూరు కూలీలు' అను పేరు వినబడుటకు ఈ పద్ధతియే కారణము. ముంబై, పుణె నగరములకు పోవువారును ఈ కోవలోనివారే. ముసలివారు, పసివారు ఊరనే యుందురు. తలుపునకు తాళము పడినను ఇల్లు ఇల్లే. మఱలివచ్చుట యను నాశ ఈ యర్థమునకు ప్రాణము.

ఇక రెండవ తెఱగు. శ్రీశైలము ప్రాజెక్టునకు 1963లో శంకుస్థాపన జరిగెను. 1981లో జలాశయ ప్రాంతమునందలి గ్రామములను ఖాళీ చేయించిరి. కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో సుమారు నూరు గ్రామములు నీటిపాలయ్యెను. నిలువ నీడ కోల్పోయినవారు లక్షకు మించిరి. వీరిని వలసపోయినవారనుట యెట్లు పొసగును? 'మా ఊరు ముంపులో పోయింది' అను మాటను గమనింపుడు. ఈ వాక్యమున కర్త ఊరు, మనుష్యుడు కాడు. కచేరి భాషలో వీరికి 'నిర్వాసితులు' అని పేరు. ఇది క్తప్రత్యయాంతము. ఎవరో వెడలగొట్టగా వెడలినవాడని యర్థము వచ్చుచున్నది గాని, వెడలగొట్టినవారెవరో ఆ మాట చెప్పదు. వ్యాకరణము తెలిసినవారికి ఇందలి చమత్కారము విడమరచి చెప్ప నక్కరలేదు.

కృష్ణాతుంగభద్రల కూడలియందలి కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఈ ముంపు కారణముననే విప్పి, అలంపురమునకు చేర్చి, మఱల నిలిపిరి. పాపనాశి గుళ్ళను గూడ నట్లే రక్షించిరి. చాళుక్య శిల్పము దక్కినది. ఆ పనికి పూనుకొన్నవారు మెచ్చదగినవారు. అయితే దీనిని గూర్చి వ్రాయువారు వాడు మాట 'తరలింపు'. గుడికి తరలింపు, ఊరికి ముంపు! గుడి యెచ్చటినుండి యెచ్చటికి వచ్చినదో మన గ్రంథములు చెప్పును. ఆ గుడిలో దీపము పెట్టినవారి మాటలను మాత్రము శాసనపాఠములను చదివిన శ్రద్ధతో మనము చదువలేదు. ఆవలియొడ్డున, కర్నూలు సీమయందలి సంగమేశ్వరము జలాశయము తగ్గినప్పుడు బయటపడును. అది పత్రికలకు అందమైన వార్త. అట్లు బయటపడు ఇంటిగోడలకు వార్తాయోగ్యత లేదు కాబోలు.

సాహిత్యమునకు వత్తము. నాగరుకర్నూలు సీమ కవియగు గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట 'కుబుసం' (2002) చిత్రముతో తెలుగుదేశమంతట వ్యాపించినది. వలసను గూర్చిన ప్రసంగములందు దానిని ఉదాహరించుట పరిపాటి. కాని యందు ఏడ్చునది పల్లె. పేరే ఆ సంగతి చెప్పుచున్నది. చేతివృత్తులు కూలిన ఊరు, ఉన్నచోటనే యుండి వగచుచున్నది. ఇది పాట దోషము కాదు, బలము. దోషము మనది. ఏడ్చుటకు పల్లె మిగిలిన చోట పుట్టిన భావమును పల్లెయే మిగులని చోటునకును అన్వయించుచున్నాము. ముంపునకు లోనైనవారి పాటలో కన్నీరు పెట్టుటకు పల్లె యేది?

భూమి మునిగినవాని కొడుకే మేస్త్రీ వెంట పోవడా, రెండును ఒకే యింట నుండవా యని యడుగవచ్చును. ఉండును. అట్టి యింట తండ్రిది ముంపు, కొడుకుది వలస. రెంటిని కలిపినచో తండ్రి కథ కొడుకు కథలో మునిగిపోవును. ఇది కేవలము పదవివాదము కాదు. శ్రీశైలము ముంపు కుటుంబములకు ఉద్యోగము లిచ్చుటకై 1986లో 98వ జీ.వో. వెలువడినది. దాని నాశ్రయించువాడు తాను ముంపువాడనని చూపవలెను, వలసవాడనన్న చెల్లదు. రాష్ట్రము దాటి పోవు కూలీలకై 1979లో చేసిన చట్టము వేఱు.

'ముంపు' అను మాటయు నిర్దుష్టము కాదని ఒప్పుకొనవలెను. 2009 అక్టోబరు వఱదలలో అలంపురము మునిగినది. నీరు తీసిన పిమ్మట జనులు మఱలి వచ్చిరి. కావున వఱద ముంపును, జలాశయపు ముంపును వేఱుపఱచుకొనవలసియున్నది.

ఇటిక్యాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో కావ్యములందలి ఆటలను, తిండ్లను, పలుకుబడులను సాక్ష్యముగా గొని, రాజుల చరిత్రలో కానరాని బ్రతుకును చూపినాడు. ఆయన పుట్టిన సీమ పాటలను చదువుటకైనను ఆ పద్ధతిని పాటింపవలదా? పాలమూరు పాటలను సంకలించువారు పాడినవారి ఊరు పేరు వ్రాయుటతో ఆగక, ఆ ఊరు నేడు నేలమీద నున్నదో నీటిలో నున్నదో కూడ వ్రాయుదురు గాక.