శుక్రవారం పనులు

విదేశం నుంచి భారతదేశం చూడటానికి వచ్చే దంపతులకు రోజులో సగం కోటలకీ గుళ్లకీ పోతే, తక్కిన సగం సిమ్ కార్డుకీ, డబ్బు మార్పిడికీ, మందుల షాపుకీ, రైలు టికెట్టుకీ పోతుంది. గైడ్ పుస్తకాలు మొదటి సగానికే పేజీలన్నీ ఇస్తాయి. ఊరి మనుషులతో మాట కలిసేది మాత్రం ఎక్కువగా రెండో సగంలోనే. అందుకే ఈ పనుల్ని దారిలో అడ్డంకులుగా కాకుండా ప్రయాణంలో భాగంగా చూడటం మంచిది. హైదరాబాద్‌లో నాలుగైదు రోజులు ఉండే జంట ఆ రోజుల్ని ఎలా సర్దుకోవచ్చో చూద్దాం.

దిగిన రోజు కాగితాలదే. హోటల్‌లో ఇద్దరి పాస్‌పోర్టులూ, వీసాలూ అడుగుతారు. ఆ వివరాలను ఒక ఫారం ద్వారా 24 గంటల్లోగా ఇమ్మిగ్రేషన్ అధికారులకు పంపడం బస ఇచ్చినవాళ్ల బాధ్యత. ఇది హోటళ్లకే పరిమితమైన నియమం కాదు. విదేశీయులైన వియ్యంకులు వచ్చి ఇంట్లో దిగినా ఆ ఇంటివాళ్లు ఆ ఫారం నింపాల్సిందే. ఈ సంగతి తెలుగు ఇళ్లలో చాలామందికి తెలియదు, తెలియాలి. హోటల్ పక్కనే ఉండే జిరాక్స్ షాపులో పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా తలా నాలుగైదు కాపీలు తీయించుకుంటే మళ్లీ మళ్లీ తిరిగే పని తప్పుతుంది.

ఆ తర్వాతి పనులన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి ఉంటాయి. ఇక్కడి ఫోన్ నంబరు లేకపోతే చాలాచోట్ల ఓటీపీ అందదు. ఓటీపీ అందకపోతే క్యాబ్ బుక్ చేయడమూ, ఆన్‌లైన్‌లో టికెట్ కొనడమూ కష్టమవుతాయి. కాబట్టి ముందు సిమ్ తీసుకుని, ఆ తర్వాతే డబ్బు సంగతి చూసుకోవాలి. విదేశీయులు పాస్‌పోర్టు, వీసా చూపించి, ముందుగా డబ్బు వేసుకుని వాడుకునే యూపీఐ వన్ వరల్డ్ సదుపాయం జీ20 సమావేశాల సందర్భంగా 2023లో మొదలైంది. అది ఉన్నా జేబులో నోట్లు ఉండాలి. 500 నోటు ఇచ్చి ఇరవై రూపాయల చాయ్ తాగితే చిల్లర దొరకదు. అనుమతి ఉన్న మనీ చేంజర్ దగ్గరే మార్చుకుని రసీదు దాచుకోవాలి, దాని అవసరం చివర్లో వస్తుంది.

వారాన్ని సర్దుకోవడంలో కీలకం శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కీ ఆ రోజు సెలవు. ఆగ్రాలో తాజ్‌మహల్ కూడా శుక్రవారం మూసి ఉంటుంది. జుమ్మా నమాజు వేళ మక్కా మసీదు చుట్టూ జనం కిక్కిరిసి ఉంటారు. అదే రోజు బ్యాంకులూ, పోస్టాఫీసులూ మామూలుగా పనిచేస్తాయి. ఆదివారం అవి ఉండవు. రెండో, నాలుగో శనివారాల్లో బ్యాంకులకు సెలవు. పనులన్నీ శుక్రవారానికి పెట్టుకుని, చూడాల్సినవి తక్కిన రోజులకు వదిలితే ఒక పూట కూడా వృథా కాదు.

గోల్కొండ కోటకు పొద్దున్నే వెళ్లాలి. ఎండ ముదిరాక కోట పైన ఉన్న బాలాహిస్సార్ మెట్లు ఎక్కడం కష్టం. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుందన్నది ఇద్దరున్నప్పుడే సరిగ్గా తేల్చుకోగలిగేది. ఒకరు కింద ఆగాలి, ఒకరు పైకి ఎక్కాలి. టికెట్ దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకే ధర కాకపోవచ్చు. గోల్కొండకైనా చార్మినార్‌కైనా భారతీయులకు 25 రూపాయలు, విదేశీయులకు 300. భర్త తెలుగువాడై భారత పాస్‌పోర్టు ఉండి, భార్య విదేశీయురాలైతే ఒకే క్యూలో ఈ తేడా కనిపిస్తుంది. ఆమెకు ఓసీఐ కార్డు ఉంటే భారతీయుల ధరే.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్‌ను చూడటానికి గంట చాలు. దాని పడమట ఉన్న లాడ్ బజార్‌కి మాత్రం పూటంతా ఇవ్వాలి. ఇక్కడి లక్క గాజు పూర్తిగా చేతిపని. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. అది పూర్తిగా గట్టిపడకముందే రాళ్లు, అద్దాలు ఒక్కొక్కటిగా అద్దుతారు. సైజును దుకాణాల్లో టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్ అంటారు. టూ ఫోర్ అంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు. ఈ లెక్క తెలియక బొమ్మ చూసి కొనేస్తే చేతికి ఎక్కవు. దుకాణంలో కూర్చుని, చెయ్యి ముడిచి, తొడిగించుకుని కొనాలి. ఆ పది నిమిషాల్లో బేరమూ, కబుర్లూ, చాయ్ అన్నీ జరుగుతాయి.

కొన్నవి మోసుకు తిరగలేక ఇంటికి పంపాలనుకుంటే అబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసు ఉంది. విదేశీ పార్సిల్‌కు కస్టమ్స్ ఫారం నింపి, లోపల ఏముందో, దాని విలువెంతో రాయాలి. పెట్టెను ముందే అంటించుకుని వెళ్లడం తెలివైన పని కాదు, తెరిచి చూపించమని అడగవచ్చు. పార్సిల్‌ను తెల్లగుడ్డలో కుట్టి, కుట్ల మీద లక్క కరిగించి ముద్ర వేసే పాత పద్ధతి దేశంలో ఇంకా అక్కడక్కడా ఉంది. చేతికి గాజైన లక్కే ఇక్కడ ముద్రగా మారడం ఎంత బాగుంటుందో.

ఊళ్లో తిరగడానికి మెట్రో హాయి. 2017 నవంబరులో మొదలైన ఈ రైలు ఇంకా చార్మినార్ దాకా వెళ్లదు, ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో పట్టాలి. సిటీ బస్సు ఎక్కితే ముందు సీట్లు ఆడవాళ్లవి, వెనకవి మగవాళ్లవి. దంపతులు విడివిడిగా నిలబడాల్సి వస్తుంది కాబట్టి ఏ స్టాపులో దిగాలో ఎక్కకముందే అనుకోవాలి. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబరు నుంచి సిటీ బస్సు ప్రయాణం ఉచితం. విదేశీ మహిళకు అది వర్తించదు, టికెట్ తీసుకోవాలి.

మందుల షాపులో స్వదేశంలోని బ్రాండు పేరు చెబితే ఉపయోగం ఉండదు. అమెరికాలో అసిటమినోఫెన్ అనేదాన్ని ఇక్కడ పారాసిటమాల్ అని అడగాలి. మాత్రల స్ట్రిప్ మొత్తం కొననక్కర్లేదు, నాలుగు అడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తారు. గడువు తేదీ స్ట్రిప్‌లో ఒక్క కొసనే ఉండవచ్చు కాబట్టి కత్తెర పడకముందే చూసుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లకు కలిపే ఓఆర్‌ఎస్ పొడి ఏ షాపులోనైనా దొరుకుతుంది.

తర్వాతి ఊరికి రైలు టికెట్ కూడా శుక్రవారం పనుల్లోదే. మామూలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. విదేశీ పర్యాటకుల కోటాలో 365 రోజుల ముందే తీసుకోవచ్చు, కాకపోతే అది అన్ని రైళ్లలో ఉండదు. దేశం విడిచే రోజు మిగిలిన రూపాయల్ని విమానాశ్రయంలో తిరిగి మార్చుకోవడానికి మొదటి రోజు దాచిన ఆ రసీదే ఆధారం.