కోరిక – ఎరుక : ప్రవరాఖ్యాన పునఃపరిశీలన

అల్లసాని పెద్దన మనుచరిత్రకు స్వారోచిష మనుసంభవమని మరొక పేరు. శ్రీకృష్ణదేవరాయలకు (పరిపాలన 1509–1529) అంకితమైన ఈ ప్రబంధం ఆరు ఆశ్వాసాల కావ్యమే అయినా, పాఠకుల స్మృతిలో ప్రధానంగా నిలిచింది ప్రవర వరూధినుల ఘట్టం. ఈ ఘట్టాన్ని ధర్మకామాల సంఘర్షణగా చూసి, ప్రవరుని నిగ్రహానికీ వరూధినిని వాంఛకూ ప్రతీకలుగా నిలపడం పరిపాటి. ఈ విభజన బోధనకు అనుకూలమే గాని, కావ్యానికి పూర్తిగా సరిపోదు. కథను నడిపించిన తొలి కోరిక వరూధినిది కాదు, ప్రవరునిది.

ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి. అతని దినచర్య అంతా వేళలకు కట్టుబడినది. ఆ కట్టుబాటే అతనిని దూరదేశాలకు పోనివ్వదు. అయినా తీర్థవాసులు వచ్చారని వింటే ఎదురేగి తెచ్చుకొంటాడు. వారు చూసిన స్థలాల విశేషాలు అడుగుతాడు. అవి ఎన్ని యోజనాల దూరమో తెలుసుకొని నిట్టూరుస్తాడు. సిద్ధుడిచ్చిన పాదలేపం ఈ వైరుధ్యానికి పరిష్కారంగా తోస్తుంది. కోరికను చంపుకోకుండా, విధిని విడువకుండా ఉండవచ్చునన్నదే అతని ఆశ.

హిమగిరిపై అతని చూపులో నిన్న లేదు, రేపు లేదు. అయితే ఆ తన్మయత్వం సాగుతున్నంతసేపూ కాలి లేపం మంచునీటికి కరుగుతూనే ఉంది. ఎదుటి దృశ్యంలో మునిగిన మనస్సుకు తన పాదాల స్పృహ లేదు. మధ్యాహ్నమైందని గుర్తించి, మిగిలిన విశేషాలు రేపు చూడవచ్చునని మరలబోయినప్పుడే ఆ సంగతి బయటపడుతుంది. ఇక్కడ రెండింటిని వేరుచేసి చూడాలి. క్షణంలో లీనం కావడం తన్మయత్వం. ఆ క్షణంలోనూ తానెక్కడున్నదీ, దేనికి బద్ధుడైనదీ మరువకపోవడం ఎరుక. మొదటిది ప్రవరుని దారి తప్పించింది. రెండవది, ఆలస్యంగానైనా, ఇంటివైపు తిప్పింది. కోరికను రేపటికి వాయిదా వేయగలగడమే అతని నిగ్రహానికి తొలి గుర్తు. అది వరూధిని ఎదురుపడకముందే జరిగింది.

వరూధినికి ఆ ‘రేపు’ లేదు. యాగాలకు ఫలం స్వర్గభోగమే అయితే, చేతికందిన భోగాన్ని విడిచి మళ్లీ యాగాలకు పోవడమెందుకన్నది ఆమె వాదం. ఆనందమే బ్రహ్మమన్న ఉపనిషద్భావనను కూడా ఆమె తన పక్షానికి తెచ్చుకొంటుంది. తర్కంగా ఇది బలహీనమైనది కాదు. దారి అడిగిన ప్రవరునితో, అంత పెద్ద కన్నులుండగా ఇతరులను అడగడమెందుకని ఆమె చేసిన పరిహాసం ఈ సందర్భంలో గమనింపదగినది. మూలమైన మార్కండేయపురాణంలో ప్రవరరూపం ధరించిన గంధర్వుడు, సంగమవేళ ఆమె కన్నులు మూసుకొనాలని నియమం పెడతాడు. కోరిక తీరే క్షణంలో ఎదుట ఉన్నవాడెవరో చూడగల అవకాశం ఆమెకు లేదు. ఆమె అనుభవించినది వర్తమానాన్ని కాదు, స్మృతిలోని రూపాన్ని. క్షణమే సర్వమన్న వాదానికి ఇంతకన్న తీవ్రమైన వ్యంగ్యం ఉండదు.

అంతమాత్రాన ప్రవరుని ఎరుక సంపూర్ణమైనదనలేము. అతనికి వేళ తెలుసు, అగ్ని తెలుసు, ఇల్లు తెలుసు. తన రాక ఎదుటి మనిషిలో రేపిన వేదన మాత్రం అతని దృష్టికి రాలేదు. ఆమెను త్రోసివేసి, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరుతాడు. పెద్దన అతని గృహప్రవేశాన్ని క్లుప్తంగా ముగించి, కథనాన్ని వరూధిని విరహం వద్ద నిలిపాడు. ఈ నిష్పత్తిని కేవలం ప్రబంధోచిత శృంగారవర్ణనగా కొట్టివేయడం కుదరదు. ధర్మాన్ని ప్రవరుని పక్షాన నిలిపిన కవి, సానుభూతిని ఆమెకు పంచాడు.

అందువల్ల ప్రవరాఖ్యానం కోరికను నిషేధించే కథ కాదు. కోరిక వెంట వెళ్లినవానికి కాలస్పృహ ఉండాలని అది చెబుతుంది. ఆ స్పృహ తన విధి వరకే పరిమితమైతే మరొకరి దుఃఖం మిగులుతుందనీ చూపుతుంది. ప్రవరుని ఆదర్శపురుషునిగా మాత్రమే బోధించినంతకాలం, ఈ రెండవ అంశం తరగతిగదికి చేరదు.