కలిమి నడుమ లేమి: మూడు అమెరికన్ పుస్తకాలు

బీదరికాన్ని గురించి రాసిన ప్రతివాడూ బీదల పక్షాన రాసినట్టు కాదు. బీదవాణ్ణి చూసి జాలిపడటంతో తృప్తిపడే సాహిత్యం ఒకటుంది. అతని లేమి ఎవరికి కలిమి అవుతున్నదో అడిగే సాహిత్యం ఇంకొకటుంది. ఈ తేడాను పరిశీలించటానికి నేను అమెరికాలో వెలువడిన మూడు పుస్తకాలను ఎంచుకున్నాను. అమెరికానే ఎందుకంటే, దేశంలో సంపద పెరిగితే దారిద్ర్యం దానంతటదే పోతుందని మన మధ్యతరగతి మేధావులు చేసే వాదానికి అంతకంటే పెద్ద పరీక్షాస్థలం లేదు.

ముందు లెక్కలు చూద్దాం. అమెరికా ప్రభుత్వం వాడుతున్న దారిద్ర్యరేఖను 1963-64లో మోలీ ఒర్షాన్‌స్కీ అనే ఉద్యోగిని రూపొందించింది. ఒక కుటుంబం అతిపొదుపుగా తినటానికయ్యే ఖర్చును మూడుతో హెచ్చవేయటమే ఆ సూత్రం. 1969లో అది అధికారిక కొలమానమైంది. ఆ కొలత ప్రకారం 1973లో బీదలు జనాభాలో 11.1 శాతం. యాభై ఏళ్ల తర్వాత, 2023లోనూ 11.1 శాతమే, అంటే సుమారు 3 కోట్ల 68 లక్షల మంది. ఈ మధ్యలో ఆ దేశపు తలసరి ఉత్పత్తి, ధరల పెరుగుదల తీసేసి చూసినా, రెట్టింపు దాటింది.

ఈ కొలతలో ఆహార సహాయం, పన్ను రాయితీలు కలపరు గనక ఇది పూర్తి చిత్రం కాదని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ సబబే. అవన్నీ కలిపే రెండో కొలతనే తీసుకుందాం. దాని ప్రకారం 2021లో పిల్లల్లో బీదరికం 5.2 శాతానికి దిగింది. ఆ ఏడాది ప్రభుత్వం పిల్లలున్న కుటుంబాలకు ఇచ్చే పన్ను రాయితీని పెంచి, కొన్ని నెలలు నగదుగా చేతికిచ్చింది. గడువు తీరాక ఆపేసింది. 2022లో ఆ సంఖ్య 12.4 శాతానికి ఎగబాకింది. బీదవాడి సోమరితనమే బీదరికానికి మూలమనేవారిని అడుగుతున్నాను: ఒక్క ఏడాదిలో ఆ దేశపు తల్లిదండ్రుల సోమరితనం రెట్టింపుకు మించి పెరిగిందా?

ఇక పుస్తకాలు. మొదటిది 1962లో వచ్చిన మైకేల్ హారింగ్టన్ 'ది అదర్ అమెరికా'. దేశమంతా తన ఐశ్వర్యాన్ని చూసుకుని మురిసిపోతున్న కాలంలో, 4 నుంచి 5 కోట్ల మంది బీదలు కనబడకుండా బతుకుతున్నారని అతను చాటాడు. ఎందుకు కనబడరో చెప్పిన తీరులోనే ఆ పుస్తకం బలముంది. ఉన్నవాళ్లు శివారు కాలనీలకు తరలిపోయారు. లేనివాళ్ల పేటల మీదుగా వాళ్లకు దారి లేదు. చవక దుస్తులు బీదవాడి ఒంటిని దాచేశాయి. కూడు, గూడు, వైద్యం లేనివాడు కూడా వీధిలో అందరిలాగే కనిపిస్తాడు. 1964 జనవరిలో అధ్యక్షుడు జాన్సన్ 'దారిద్ర్యంపై యుద్ధం' ప్రకటించటానికి ముందు సాగిన చర్చలో ఈ పుస్తకానికి పెద్ద పాత్ర ఉంది.

అయితే సోషలిస్టు అయిన హారింగ్టన్ ఈ పుస్తకంలో సోషలిజం అన్న మాటను కావాలనే రానివ్వలేదు. ఆ స్థానంలో, బీదరికానికి తనదైన ఒక 'సంస్కృతి' ఉందన్న భావన వచ్చి కూర్చుంది. అతని ఉద్దేశం మంచిదే. కాని ఆ భావన తర్వాత అభివృద్ధి నిరోధకుల చేతి కర్ర అయింది. దోషం వ్యవస్థది కాదు, బీదవాడి నడవడికదే అనటానికి పనికొచ్చింది. కారణాన్ని పేరుపెట్టి చెప్పని రచనకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రెండోది 2001లో వచ్చిన బార్బరా ఎరెన్‌రైక్ 'నికెల్ అండ్ డైమ్డ్'. జీవశాస్త్రంలో డాక్టరేటు ఉన్న ఈ రచయిత్రి తన చదువును దాచి ఫ్లారిడాలో హోటల్లో వడ్డన చేసింది, మెయిన్‌లో ఇళ్లు కడిగింది, మినెసోటాలో వాల్‌మార్ట్ దుకాణంలో బట్టలు సర్దింది. కూలి డబ్బుతో నెల గడపటం సాధ్యమా అన్నదే ఆమె ప్రశ్న. కాదని తేలింది. ఆమెను ఓడించింది ముఖ్యంగా ఇంటి అద్దె. ఒక్కసారిగా అడ్వాన్సు కట్టలేనివాడు లాడ్జిలో రోజువారీగానో వారంవారీగానో ఎక్కువ కడతాడు. వంటగది లేదు గనక బయట కొనుక్కు తింటాడు. అంటే బీదగా బతకటానికే ఎక్కువ ఖర్చు! ఈ చిక్కుముడిని ఇంత స్పష్టంగా విప్పిన రచన అరుదు. తక్కువ కూలికి పనిచేసేవాళ్లే ఈ సమాజానికి అసలైన దాతలన్న ఆమె నిర్ధారణ విలువైనది. ఆ దేశపు కేంద్ర కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్ల దగ్గర 2009 నుంచి ఆగిపోయి ఉంది. చాలా రాష్ట్రాలు అంతకు మించి నిర్ణయించుకున్నా, మిగతా చోట్ల ఆ దానం సాగుతూనే ఉంది.

లోపం దృష్టికోణంలో ఉంది. ఆమెకు తిరిగి వెళ్లటానికి ఇల్లుంది. ఆ మాట ఆమే నిజాయితీగా చెప్పుకుంది. కాని అందువల్ల కథకు కేంద్రం ఆమే అయింది. పక్కన పనిచేసే స్త్రీలు ఆమె అనుభవానికి సాక్షులుగా మిగిలిపోయారు.

మూడోది మాథ్యూ డెస్మండ్ 'ఎవిక్టెడ్', 2016లో వచ్చింది. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందింది. మిల్వాకీ నగరంలో ఎనిమిది కుటుంబాలను ఇళ్లలోంచి గెంటివేయటం దీని వస్తువు. పూర్తిగా 1,05,000 అద్దె కుటుంబాలు కూడా లేని ఆ ఊళ్లో ఏటా సుమారు 16,000 మందిని, పిల్లలతో సహా, ఖాళీ చేయించేవారని అతను లెక్కగట్టాడు. ఆర్లీన్ అన్న మారుపేరుతో కనిపించే తల్లికి నెలకు వచ్చే సహాయం 628 డాలర్లు. ఇంటి అద్దె 550. మిగిలిన దానితో పిల్లల్ని పెంచాలి.

డెస్మండ్ చేసిన గొప్పపని, ఇంటి యజమానిని కూడా కథలోకి తేవటం. ఆ యజమానురాలు ఒకప్పుడు నాలుగో తరగతి టీచరు. నాలాంటి బడిపంతుళ్లు ఈ పాత్ర దగ్గర కాసేపు ఆగాలి. ఆమె రాక్షసి కాదు. అద్దెకున్నవాళ్లకు ఒకరోజు సరుకులు తెచ్చిపెట్టగలదు, మరొకరోజు కోర్టు నోటీసు ఇవ్వగలదు. బీదల పేటలోనే లాభముందని ఆమెకు బాగా తెలుసు. ఇక్కడ బీదరికం ఒక వస్తువు లేకపోవటం కాదు. ఇద్దరు మనుషుల మధ్య ఉన్న సంబంధం. మొదటి రెండు పుస్తకాలు సూచించి వదిలిన సత్యం ఇందులో పాత్రలుగా నడుస్తుంది. రచయిత తానక్కడే కాపురముండి కూడా కథలోంచి తప్పుకోవటం చేత ఇది సాధ్యమైంది. అయితే చివర అతను సూచించే మందు, అవసరమున్న ప్రతి కుటుంబానికీ ప్రభుత్వం అద్దె చీటీలివ్వటం, రోగానికి చాలదు. అలాంటి చీటీ ఉన్నవాళ్ల దగ్గర యజమానులు ఎక్కువ గుంజుతారని అతని పుస్తకమే చెబుతున్నది.

ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు. 'ఆరు సారాకథలు'లో రావిశాస్త్రి చట్టాన్నీ పోలీసునూ కోర్టునూ బీదవాడితో ఉన్న సంబంధంలోనే చూపించాడు. మరి అమెరికా నేపథ్యంతో వస్తున్న మన కథల్లో ఆ వారసత్వం ఏమైంది? నేను చదివినంతలో వాటి వస్తువు ఎక్కువగా ఇంటి బెంగ, పిల్లలకు రాని తెలుగు, ఊళ్లో మిగిలిన తల్లిదండ్రుల ఒంటరితనం. అవి నిజమైన బాధలే, కాదనను. కాని ఆ కథల్లో ఆఫీసు తుడిచేవాడు, గిడ్డంగిలో పెట్టెలు మోసేది, కారులో నిద్రపోయేవాడు కిటికీలోంచి కనిపించే మంచులాగా వచ్చి పోతారు.

మా మండలంలో పొలం అమ్మి, అప్పు చేసి పిల్లల్ని ఆ దేశపు చదువులకు పంపుతున్న కుటుంబాలున్నాయి. వాళ్లు కొంటున్నది సగం బొమ్మ. రెండో సగాన్ని చూపించవలసిన బాధ్యత అక్కడుండి తెలుగులో రాస్తున్న రచయితలది. జాలి కథలు మనకు చాలినన్ని ఉన్నాయి. అద్దె ఎవరు కడుతున్నారో, ఎవరు పుచ్చుకుంటున్నారో ఒకే కథలో చెప్పగల రచయిత కోసం ఎదురుచూస్తున్నాం.