సున్న సంఖ్యయా, చిహ్నమాత్రమా?

"హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" యను లోకోక్తిని తెలుగువారు ఫలము రిక్తమైనచోట వాడుదురు. రెండు మాటలును లేమినే చెప్పుచుండగా ఒక్కటి చాలక రెండేల కావలసెనో విచారించినవారు తక్కువ. ఇవి పర్యాయపదములు కావు. తెలుగు లెక్కల వ్రాతలో వేఱువేఱు చిహ్నములు. ఈ భేదము నెఱిగినచో సున్న సంఖ్యయగునా కాదా యను వివాదము చాలవఱకు తేటపడును.

హుజూర్‌నగరము 2016 వఱకు నల్లగొండ జిల్లాలోనిది, పిదప సూర్యాపేట జిల్లాలో చేరినది. నాగార్జునసాగరపు ఎడమకాలువ క్రింది వరిసీమ. ఇట్టి సీమలలో ధాన్యమును తూచుటకు ముందు కొలుచుట యుండెను. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి యనునది ప్రసిద్ధమైన యొక మానము. తూమునకు కుంచము పాదము, మానిక వీసము. తెలుగు భిన్నలిపిలో పాదస్థానమున నిలువుగీతలును, వీసపుస్థానమున అడ్డగీతలును, అటుపై 64వ భాగమునకు మరల నిలువుగీతలును, 256వ భాగమునకు అడ్డగీతలును వ్రాయుదురు. స్థానము స్థానమునకు నాలుగవ వంతు చొప్పున తగ్గును గావున ఎచ్చటను మూడు గీతలకు మించి పనిలేదు. ఇక ఐదు తూముల మూడు మానికలను వ్రాయవలసినపుడు కుంచపు స్థానము రిక్తము. ఆ రిక్తతను తెలుపునది హళ్ళి. అడ్డగీతల స్థానము రిక్తమైనచో వ్రాయునది సున్న. స్థానమును బట్టి లేమికి రెండు గుర్తుల నేర్పఱచిన సూక్ష్మబుద్ధి మన లెక్కల వ్రాతకు కలదు.

ఈ యుదాహరణమునే చూపి కొందఱు సున్న స్థానపూరకమైన చిహ్నమే కాని సంఖ్య కాదందురు. హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని రుద్రదేవుని శాసనము శకవర్షము 1084నాటిది, అనగా క్రీ. శ. 1163. అందు శతస్థానమున శతములు లేవని తెలుపుటకే సున్న గలదనియు, అది దేనిని లెక్కించుట లేదనియు వారి వాదము. ఇది అంకమునకు సంబంధించినంతవఱకు సత్యమే. అంకము వేఱు, సంఖ్య వేఱు. అంకముగా సున్న యున్నదనుటలో వివాదమే లేదు. ఐదింట ఐదు తీసివేయగా మిగులునది సంఖ్యయా కాదా యనునదే ప్రశ్న.

సంఖ్య కాదనువారికి మూడు యుక్తులు గలవు. మొదటిది శాస్త్రయుక్తి. వైశేషికమతమున సంఖ్య గుణము. ఏకత్వము మొదలు పరార్ధము వఱకు గలది. గుణము ద్రవ్యము నాశ్రయించియే యుండును. కుండలు లేని నేలపై "సున్న కుండలు" అనుటకు ఆశ్రయమే లేదు. అచ్చట నున్నది ఘటాభావము. అభావము వేఱొక పదార్థము. కావున సున్నను సంఖ్యలలో చేర్చుట పదార్థసంకరమని వారి యాక్షేపము. రెండవది భాషాయుక్తి. రెండవ, మూడవ యని పూరణరూపములు గలవు, "సున్నవ" యనుట లేదు. ఇద్దఱు, ముగ్గురు గలరు, సున్నకు అట్టి రూపము లేదు. మూడవది లోకయుక్తి. లెక్క యన నొకటితో మొదలగును; సున్నతో లెక్కపెట్టువాడు లేడు.

ఇందు రెండవ యుక్తి మిక్కిలి దుర్బలము. సంస్కృతమున "ప్రథమ" శబ్దము ఏకశబ్దమునుండి పుట్టలేదు. తెలుగున "మొదటి" యనునది ఒకటి నుండి రాలేదు. పూరణరూపము లేకున్న సంఖ్యాత్వము లేదన్నచో ఒకటికిని ఆ గతియే పట్టును. నిజమునకు ప్రాచీన యవనులకు అట్లే తోచినది. ఏకకముల సమూహమే సంఖ్యయని యూక్లిడు నిర్వచించుటచే ఒకటి సంఖ్య కాక సంఖ్యలకు మూలము మాత్రమయ్యెను. ఆ మతము నేడెవరికిని గ్రాహ్యము కాదు. మూడవ యుక్తికిని ఇంతకంటె బలము లేదు. ఎన్నుటకు ఆరంభమేదో తెలిసినంతమాత్రమున ఎన్నిక ఫలము ఏది కావలెనో తేలదు. ఎన్నటానికి వెళ్ళినవానికి ఏమియు కనబడనపుడు "ఎన్ని?" యను ప్రశ్నకు సున్నయే యుత్తరము. ఎన్ని యను ప్రశ్నకు ఉత్తరమగుదానిని సంఖ్య కాదనుట యెట్లు?

మొదటి యుక్తి యొక్కటే గణింపదగినది. అయినను ఆశ్రయము లేనిది సంఖ్య కాదన్నచో ఋణరాశులను విడువవలెను. ఐదు రూపాయల ఋణమునకు ఆశ్రయముగా నిలుచు నాణెము లేదు. గణితజ్ఞులు ఋణరాశులను కూడుదురు, గుణింతురు. గణితమునందలి సంఖ్య తార్కికుల గుణమని నిర్బంధించుట తగదు. ఏ శాస్త్రమున సంజ్ఞ ఆ శాస్త్రపు కార్యములకొఱకే యేర్పడును.

ఈ విషయమున వ్యాకరణము దారి చూపుచున్నది. పాణిని సంఖ్యాసంజ్ఞను ఒకటి రెండు మొదలగువానితో నిలుపక బహు, గణ శబ్దములకును చేసెను. అవి నియతసంఖ్యను చెప్పవు. అయినను సంఖ్యాకార్యములు వానికి కావలసియుండుటచే సంజ్ఞ కలిగినది. లోపవిషయమున అతని దృష్టి ఇంకను లోతైనది. కనబడకుండుటకే లోపమని పేరిడి, లోపించిన ప్రత్యయమును బట్టి కార్యము జరుగునని చెప్పెను. "అగ్నిచిత్" శబ్దమున క్విప్ ప్రత్యయము పూర్తిగా అదృశ్యమైనను దాని మూలముననే తకారాగమము వచ్చినది. లుక్, శ్లు, లుప్ అను పేర్లతో జరిగిన యదర్శనములకు అంగకార్యమున భేదమును చెప్పెను. లేమికి కార్యమును బట్టి పలు పేర్లిడుట వైయాకరణునికి సహజము. హళ్ళిని, సున్నను వేఱుగా వ్రాసిన కరణమునకును సహజమే. అయితే లోపము ప్రసక్తమైనదాని యదర్శనము; ఐదింట ఐదు పోగా మిగిలిన సున్న యొక క్రియకు ఫలము. కావున లోపము దృష్టాంతమే కాని హేతువు కాదు. హేతువు కార్యమే.

ఆ కార్యములను 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున విధించెను. సున్నతో కూడుట, తీయుట, గుణించుట అతడు నియమములుగా చెప్పుటచే సున్న అంకస్థితిని దాటి సంఖ్యల పంక్తిలో కూర్చుండెను. అటుపై దానిని కేవలము లేమిగా తలచుట వలన వచ్చు దోషమును తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున చూడవచ్చును. పావులూరి మల్లన తెనిగించిన సారసంగ్రహగణితమునకు మూలమీ గ్రంథమే గావున తెలుగు పండితులకు దీని విచారణ ముఖ్యము. సున్నచే భాగించిన రాశి మాఱదని మహావీరుని మతము. పంచుకొనువారు లేనపుడు పంపకమే జరుగలేదు, రాశి యట్లే యుండునని భావము కావచ్చును. కాని సున్నచే గుణించిన సున్నయే యని అతడే చెప్పెను. లేనిదానిచే భాగించుట భాగింపకుండుటయే యైనచో, లేనిదానిచే గుణించుటయు గుణింపకుండుటయే కావలెను. రాశి అచ్చటను మాఱరాదు. మఱియు ఏడును సున్నచే భాగించిన ఏడు వచ్చునెడల, ఏడును సున్నచే గుణించిన మరల ఏడు రావలెను, వచ్చునది సున్న. ఒకచోట సంఖ్యగాను, మఱొకచోట అభావముగాను గ్రహించుటయే ఈ విరోధమునకు మూలము. భాస్కరాచార్యుడు 1150లో అట్టి రాశిని ఖహరమని వేఱుచేసి యనంతమనెను. నేటి గణితము సున్నచే భాగహారమును విధింపనే విధింపదు.

ఒక కార్యము చెల్లలేదని సంజ్ఞ పోవునా యన్నచో, పోదు. ద్విశబ్దమునకు ఏకవచనము లేదు, బహువచనము లేదు. దానిని సంఖ్యావాచకము కాదన్నవారు లేరు. ఉత్సర్గమునకు అపవాదముండుట శాస్త్రమునకు దోషము కాదు. సున్నను వెలివేసినచో సమానరాశుల వ్యవకలనమున ఫలము సంఖ్య కాకపోవును. ఆ తరువాతి ప్రతిసూత్రమునకును అపవాదము చేర్చవలసివచ్చును. చేర్చుకొన్నచో అపవాదము భాగహారమున నొక్కటియే. లాఘవము ఏ పక్షమున నున్నదో వేఱుగా చెప్పనక్కఱలేదు.

బడిపుస్తకములు సహజసంఖ్యలను ఒకటితోను, పూర్ణాంకములను సున్నతోను మొదలిడుట చూచి పంతుళ్ళు కొందఱు కలత చెందుదురు. ఇటలీ గణితజ్ఞుడు పెయానో 1889లో సంఖ్యలను ఒకటితో నారంభించి, తరువాతి గ్రంథములలో సున్నతో నారంభించెను. ఇది సంజ్ఞాభేదమే కాని సత్యభేదము కాదు. బాలునకు మొదట సున్నను స్థానమును కాచు అంకముగా చూపి, పిదప తీసివేతకు ఫలమగు సంఖ్యగా చూపి, భాగహారమున మాత్రము దాని నిషేధమును చెప్పినచో సందేహము మిగులదు. శూన్యమాసమున శుభకార్యములు మానుదుము. పండ్రెండు మాసములు లెక్కించునపుడు దానిని విడిచి పదునొకండని చెప్పము.