శ్రోత చందా, గాయకుని వాటా: స్ట్రీమింగ్ పంపకంపై ఒక పరిశీలన

తెలంగాణ ఆశ్రిత కళారూపాల్లో కళాకారునికీ పోషకునికీ నడుమ సంబంధం ప్రత్యక్షమైనది. చిందు భాగవతులు మాదిగలను, కూనపులివారు పద్మశాలీలను ఆశ్రయించి ప్రదర్శనలిచ్చారు. ఏ గ్రామంలో ఎవరు ప్రదర్శించాలో మిరాశీ హక్కు నిర్ణయించేది. పోషకులిచ్చిన త్యాగం ప్రదర్శించినవారికే చేరేది. ఆ ఏర్పాటు కులబంధాల్లో చిక్కుకున్నదే. కళాకారుణ్ని యాచకుని స్థాయికి దించినదే. అయినా అందులో ఒక న్యాయసూత్రం ఉంది: విన్నవారి సొమ్ము వినిపించినవారికి చెందాలి. నేటి స్ట్రీమింగ్ వేదికల పంపకంలో లోపించినది ఈ సూత్రమే.

స్వతంత్ర సంగీతానికి ఈ వేదికలు చేసిన మేలుగా కొత్త గొంతుల పరిచయాన్ని పేర్కొంటారు. క్యాసెట్ కంపెనీ, సినిమా నిర్మాతల ప్రమేయం లేకుండానే పాట దూరదేశాల శ్రోతను చేరుతున్నమాట వాస్తవం. అయితే పాట చేరడం వేరు, ప్రతిఫలం చేరడం వేరు.

చందా వేదికల్లో ప్రధానంగా అమలులో ఉన్నది దామాషా పద్ధతి. వేదిక తన భాగాన్ని మినహాయించుకొని, మిగిలిన చందా సొమ్మును మొత్తం శ్రవణాల్లో ఎవరి పాటలు ఎన్నిసార్లు వినబడ్డాయన్న లెక్కన పంచుతుంది. ఇద్దరు శ్రోతల నుంచి చెరి 100 రూపాయలు పంపకానికి వచ్చాయనుకుంటే, ఒకరు సినిమా పాటలనే 90 సార్లు, మరొకరు ఒక జానపద గాయని పాటలనే 10 సార్లు విన్నారనుకుంటే, ఆ గాయని వాటా 20 రూపాయలే. రెండవ శ్రోత సినిమా పాట ఒక్కటీ వినకపోయినా, ఆ చందాలో 80 రూపాయలు అటే మళ్లుతాయి. శ్రోత కేంద్రిత పద్ధతిలోనైతే ఆ 100 రూపాయలూ గాయని పాటల వాటాకే చెందుతాయి. సౌండ్‌క్లౌడ్ 2021లో స్వతంత్ర కళాకారులకు ఇటువంటి పద్ధతిని ప్రవేశపెట్టింది. స్పాటిఫై మాత్రం గడచిన 12 నెలల్లో 1,000 శ్రవణాలు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వరాదన్న నియమాన్ని 2024లో తెచ్చింది.

పంపకం మారినంత మాత్రాన సమస్య తీరదు. శ్రోత కేంద్రిత పద్ధతి మొత్తం నిధిని పెంచదు. వేదికకూ గాయనికీ నడుమనున్న ఒప్పందాన్ని సరిదిద్దదు. 2012 కాపీరైట్ సవరణ గీత రచయితకు, స్వరకర్తకు రాయల్టీ హక్కును పటిష్ఠం చేసింది; ప్రదర్శన వాణిజ్య వినియోగానికి వెళ్లినప్పుడు ప్రదర్శకులకూ రాయల్టీ హక్కు కల్పించింది. కర్త తెలియని సంప్రదాయ గేయంలో రచయిత వాటా కోరేవారుండరు. గాయనికి మిగిలే ప్రధాన ఆధారం ఆ ప్రదర్శక హక్కే. రికార్డింగ్ వివరాల్లో ఆమె పేరు లేకుంటే అదీ నిష్ఫలమవుతుంది.

కనుక జానపద పరిశోధన పాఠాన్ని, బాణీని సేకరించడంతో ఆగరాదు. పాడినవారి పేరు, ప్రతిఫలం, ఒప్పంద స్వరూపం కూడా క్షేత్ర పరిశోధనలో నమోదు కావలసిన అంశాలు. సేకర్త పేరు నిలిచి గాయని పేరు చెరిగిపోయే సంకలనం, ఆమె వాటాను ఇతరులకు మళ్లించే వేదికను విమర్శించే అర్హతను కోల్పోతుంది.