చేవ పట్టేదాకా ఆగాలి

తోటలోకి అడుగుపెడితే నేను ముందు టేపు తీస్తాను. నేలకు 1.37 మీటర్ల ఎత్తున, అంటే మనిషి రొమ్ము ఎత్తున, మాను చుట్టుకొలత తీయడం అటవీశాఖలో పాత పద్ధతి. దానికి చెట్టు ఎత్తు కలిస్తే కలప ఎంతో అంచనాకొస్తుంది. కానీ ఆ చెట్టు గాలిలోంచి ఎంత కార్బన్ పట్టి దాచిందో చెప్పడానికి టేపు ఒక్కటే చాలదు. చెక్క సాంద్రత తెలియాలి.

ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కార్బనే. ఘనమీటరు ఎండు టేకు సుమారు 600 కిలోలు తూగుతుంది. అందులో కార్బన్ 300 కిలోలు. అంటే 1,100 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోంచి దిగి మానులో చేరినట్టు. బూరుగు లాంటి తేలిక చెక్క అంతే పరిమాణంలో ఇంత దాచలేదు.

చెక్కలో ఏయే పదార్థాలున్నాయన్నదీ ముఖ్యమే. సెల్యులోజ్‌లో కార్బన్ 44 శాతం. పోగులను బిగించి ఉంచే లిగ్నిన్‌లో అది 60 శాతం దాటుతుంది. కాగితం మిల్లుకు కావలసింది సెల్యులోజ్. మన రైతులు నాలుగైదేళ్లకే కొట్టి పంపే సుబాబుల్, జామాయిల్, సరుగుడు అక్కడ ఉడికాక లిగ్నిన్ నల్లటి ద్రావణంలోకి దిగిపోతుంది. దాన్ని బాయిలర్లలో మండిస్తారు. అంత బొగ్గు ఆదా అయ్యే మాట నిజమే. అయినా కార్బన్ ఎక్కువున్న భాగమే అన్నిటికంటే ముందు గాలిలో కలుస్తుంది.

టేకు కథ వేరు, రైతు ఓపిక పడితేనే. టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు చేరి చేవను చెదల నుంచి కాపాడతాయి. లేత మానులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. తెల్లచెక్కను పురుగు తొలిచేస్తే అందులోని కార్బన్ కూడా నిలవదు. చేవ దేరిన దూలం తరాల పాటు ఇంటిని మోస్తూ కార్బన్‌ను దాచి ఉంచుతుంది. 1840ల్లో మలబారు కలెక్టర్ కనోలీ చొరవతో చాతు మేనన్ నీలంబూరులో టేకు వనం పెంచారు. ఆనాటి చెట్లు కొన్ని ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.

అప్పు తీర్చుకోవలసిన రైతును ముప్పై ఏళ్లు ఆగమనడం న్యాయం కాదు. పొలంలో సుబాబుల్ వేసుకుని, గట్టు మీద టేకు వరుస ఉంచుకోమని నేను చెబుతాను. కార్బన్‌కు డబ్బిచ్చే పథకాలు ఎన్ని మొక్కలు నాటారన్నది చూసి ఊరుకోకూడదు. చెట్టును నరకకుండా నిలిపిన ప్రతి ఏడాదికీ రైతుకు సొమ్ము అందాలి. అప్పుడే చేవ పట్టేదాకా ఆగే స్తోమత అతనికి ఉంటుంది.