ఉత్తరం వెనక లెక్క

2025 ఏప్రిల్ మొదటి వారంలో ఒక అమ్మాయి రెండు ఉత్తరాలు ప్రింటు తీసుకుని మా ఇంటికొచ్చింది. ఖమ్మం జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో ఇంగ్లీషు ఎమ్మే చేసిన పిల్ల. నేను పాఠం చెప్పింది ఒక్క సెమిస్టరే అయినా ‘అక్కా’ అని పిలిచే చనువుంది. రెండు ఉత్తరాలూ అమెరికా విశ్వవిద్యాలయాలవి. రెండింటిలోనూ ఎమ్మే సీటు, ట్యూషన్ ఫీజు మాఫీ, పాఠాలు చెప్పినందుకో, పిల్లల రాతలు దిద్దినందుకో నెలనెలా కొంత స్టైపెండు. మూడో చోట పిహెచ్.డి.కి వెయిటింగ్ లిస్టులో ఉంది. “ఏది తీసుకోమంటావక్కా? సాహిత్య విమర్శకురాలివి కదా, చదివి చెప్పు” అంది.

నవ్వుతూ అన్నదే. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. స్త్రీల ఆత్మకథలు, జీవితచరిత్రలు, ఉత్తరాలు చదవడమే నా పని. వాటిమీదే డాక్టరేట్ చేశాను. ఇలాంటి ఉత్తరాన్ని మాత్రం ఎన్నడూ ఒక రచనగా చదవలేదు. స్త్రీల చదువు గురించి మనం రాసే విమర్శ చాలావరకు ఒకే ఘట్టం చుట్టూ తిరుగుతుంది: ఇంట్లో ఒప్పుకున్నారా, లేదా? తండ్రి ప్రోత్సహించాడు, భర్త సహకరించాడు, అత్తగారు అడ్డుపడింది. ఫీజు ఎవరు కట్టారన్న దగ్గరికొచ్చేసరికి కథలూ మొహమాటపడతాయి, వాటిని చదివే మనమూ మొహమాటపడతాం.

ఆనందీబాయి జోషీ కథే చూడండి. తొమ్మిదేళ్ళకి పెళ్ళి, పద్నాలుగేళ్ళకి పుట్టిన బిడ్డ కొద్దిరోజులకే పోవడం, ఆ తర్వాత డాక్టరు కావాలన్న సంకల్పం, భర్త గోపాలరావు పట్టుదల - ఇవన్నీ పిల్లల పుస్తకాల్లోకీ ఎక్కాయి. గోపాలరావు అమెరికా మిషనరీలకి రాసిన మొదటి ఉత్తరం 1878 నాటిది. మతం మార్చుకుంటే చూద్దామన్నట్టుగా జవాబొచ్చింది. ఆ ఉత్తరప్రత్యుత్తరాలు ఒక మిషనరీ పత్రికలో అచ్చయ్యాయి. న్యూజెర్సీలోని రోసెల్‌లో ఉండే థియోడీషియా కార్పెంటర్ అనే ఆవిడ 1880లో పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని ఆ పత్రిక తిరగేసింది. ఆనందీబాయి కలకత్తాలో ఓడ ఎక్కింది 1883లో. మొదటి ఉత్తరానికీ ఓడకీ మధ్య అయిదేళ్ళు. ఇంటి ఒప్పుదల కోసం పోయిన కాలం కాదది, ఒప్పుదల మొదటి రోజునుంచే ఉంది. అయిదేళ్ళూ పోయింది దిక్కు కోసం, డబ్బు కోసం, అక్కడ ఉండనిచ్చే ఒక ఇంటి కోసం. 1886లో ఫిలడెల్ఫియాలో డిగ్రీ పుచ్చుకుని, మరుసటి ఏడాది ఇరవై రెండు నిండకుండానే పూనాలో చనిపోయింది. మనకి మిగిలింది మాత్రం భర్త ప్రోత్సాహం కథ.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనుభవం మనకి ఇంకా దగ్గరిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోతే ఆడపిల్లలకి హాస్టలు లేదని వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి వెనకాడారు. చదువుకు అర్హత లేదని ఎవరూ అనలేదు, ఉండే చోటు లేదన్నారు. ఆవిడ పత్రికలో ప్రకటన వేసి, తనలాగే హాస్టలు లేక ఆగిపోయిన అమ్మాయిల్ని పోగుచేసి, తామే ఒక హాస్టలు నడుపుకుని చదువుకున్నారు. ఈ సంగతిని ఆవిడ ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. నాకు ఇందులో ధైర్యంతోపాటు ‘లేదు’ అనడంలోని మర్యాద కనబడుతుంది. సీటుంది, గది లేదు. సీటుంది, డబ్బు లేదు. వద్దన్నవాళ్ళు ఎక్కడా కనబడరు.

గది అనగానే మన స్త్రీవాదులకి వర్జీనియా వూల్ఫ్ గుర్తొస్తుంది. 1929 నాటి ఆ పుస్తకంలో ఆవిడ అడిగినవి రెండు - సొంత గది, ఏడాదికి అయిదువందల పౌన్లు. తెలుగులో మనం గదిని తెచ్చుకున్నాం, పౌన్లని అక్కడే వదిలేసి వచ్చాం. ఆ కథకురాలికి డబ్బు ఎలా వచ్చిందో కూడా ఎవరూ పట్టించుకోరు. ఆవిడ పినతల్లో మేనత్తో బొంబాయిలో గుర్రంమీంచి పడి చచ్చిపోతూ వారసత్వంగా ఇచ్చింది! (వలస దేశపు డబ్బు గురించి వేరే వ్యాసమే రాయొచ్చు.) ఆ వార్త మోసుకొచ్చిన లాయరు ఉత్తరం, స్త్రీలకి ఓటు వచ్చిన రోజుల్లోనే ఇంటికొస్తుంది. రెండింటిలోనూ డబ్బే తనకి ఎక్కువ విలువైనదిగా తోచిందని సిగ్గుపడకుండా ఒప్పుకుంటుంది.

1938లో రాసిన ‘త్రీ గినీస్’ని మనం ఇంకా తక్కువ చదివాం. అందులో ఆవిడ థాకరే నవల నుంచి ఒక మాట తీసుకుంటుంది: ఆర్థర్ చదువు నిధి. వందల ఏళ్ళుగా ఇంగ్లీషు కుటుంబాలు కొడుకుల చదువుకి డబ్బు పోగేస్తూ వచ్చాయి. ఆ నిధిలోకి అక్కచెల్లెళ్ళ చదువూ, ప్రయాణాలూ, సొంత గదులూ అన్నీ వెళ్ళిపోయాయి. వాళ్ళు ఇస్తున్నట్టు వాళ్ళకే తెలియకుండా ఇచ్చారు. నేను ఈ పుస్తకం చదివింది పిహెచ్.డి. రెండో ఏట. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు చదవలేకపోయాను.

ఎందుకంటే నాకూ ఒక ఉత్తరం వచ్చింది, 2011లో. అమెరికాలో ఒక మంచి విశ్వవిద్యాలయంలో ఎమ్మే సీటు. అప్పుడు ఇంట్లో మిఠాయి పంచారు. ఉత్తరంలో డబ్బు సంగతి లేదు. అదే ఏడాది తమ్ముడికి ఎమ్మెస్‌లో సీటొచ్చింది, దానిలోనూ డబ్బు సంగతి లేదు. ఇల్లు తాకట్టుపెట్టి తమ్ముడికి అప్పు తీసుకున్నారు. కంప్యూటర్ చదువుకి పెట్టింది తిరిగొస్తుంది, సాహిత్యానికి పెట్టింది రాదు, పైగా ఆడపిల్ల పెళ్ళికి వేరే పెట్టాలి. ఇవేవీ ఎవరూ పైకి అనలేదు. నాన్న నా ఉత్తరాన్ని వెనక్కి తిప్పి పెన్సిల్‌తో లెక్క వేశారు. రెండేళ్ళ ఫీజు, రెండేళ్ళ ఖర్చు, డాలరుకి నలభై అయిదు రూపాయలు. అడుగున ఒక మొత్తం, దానికింద రెండు గీతలు. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది. ముందువైపు విశ్వవిద్యాలయం సంతోషం వెలిబుచ్చింది, వెనకవైపు అంకెలున్నాయి. ఏ వైపూ ‘వద్దు’ లేదు. నేనే వద్దనుకున్నానని చాలాకాలం అందరికీ చెబుతూ వచ్చాను. తమ్ముడిమీద నాకు కోపం లేదు. వాడికి ఆ నిధి సంగతి తెలీదు. నాకూ అప్పుడు తెలీదు.

ఇంతకీ ఆ అమ్మాయి తెచ్చిన ఉత్తరాలు.

అమెరికాలో ఇంగ్లీషు విభాగాలు డబ్బిచ్చి చదివించేది ఎక్కువగా పిహెచ్.డి. వాళ్ళని. ఎమ్మే వాళ్ళు చాలాచోట్ల డబ్బు కట్టి చదవాలి. మొదటి సంవత్సరం విద్యార్థులకి రచన నేర్పే తరగతులకి మనుషులు కావలసిన కొన్ని విభాగాలు మాత్రం ఎమ్మే వాళ్ళకీ ఫీజు తీసేసి జీతమిస్తాయి. ఇక్కడ ఒక ఎమ్మే ఉండగా అక్కడ మళ్ళీ ఎమ్మే ఏమిటని ఊళ్ళో అడిగారట. డాక్టరేట్ సీట్లు తగ్గిపోతున్నప్పుడు ఇదొక మెట్టు. 2024 నవంబరులో బోస్టన్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు, చరిత్ర వంటి డజను పిహెచ్.డి. కోర్సుల్లో మరుసటి ఏడాదికి ఎవర్నీ చేర్చుకోబోమని చెప్పింది. ఈమె అక్కడ దరఖాస్తు పెట్టాలనుకుంది. 2025 ఆగస్టులో చికాగో కూడా మానవీయ శాస్త్రాల్లో అదే దారి పట్టింది.

మొదటి ఉత్తరం పెద్ద నగరానిది. ఏడాదికి ఇరవై రెండు వేల డాలర్లు. రెండోది పేరు వినని చిన్న ఊరిది, పదహారున్నర వేలు. చూడగానే నా కన్ను అంకెమీద పడింది. ఆమె కన్ను క్రియాపదాలమీద పడింది. పెద్ద ఉత్తరంలో ఇస్తాం అన్న మాట ఒక ఏడాదికే, రెండో ఏడు పునరుద్ధరించవచ్చు, అదీ నిధుల లభ్యతనుబట్టి. ట్యూషన్ మాఫీయే గానీ ఇతర ఫీజులు తనే కట్టుకోవాలి, ఆరోగ్య బీమా కూడా. చిన్న ఉత్తరం రెండేళ్ళకి రాసిచ్చింది, బీమా కడతానంది, మొదటి ఏడు సొంతంగా తరగతి చెప్పనక్కర్లేదంది. రెండూ తొమ్మిది నెలల జీతాలే. ఎఫ్-1 వీసామీద చదువు నడిచేటప్పుడు వారానికి ఇరవై గంటలు మించి పని చెయ్యకూడదు, అదీ క్యాంపస్‌లోనే. స్టైపెండు ఉద్యోగం ఆ ఇరవై గంటల్నీ తినేస్తుంది. కాబట్టి రాసింది ఎంతో అంతే.

ఆ అంకెకి ఇంకో పనుంది. వీసా కోసం ఐ-20 అనే కాగితం ఇచ్చేముందు మొదటి ఏడాదికి సరిపడా డబ్బు చూపించమంటారు. డబ్బులేని సీటైతే తండ్రి బ్యాంకు పుస్తకం, భర్త సంతకం, మామగారి ఆస్తి విలువ పత్రం పెట్టాలి. స్పాన్సర్ అన్న గడిలో ఒక మగవాడి పేరు ఎక్కుతుంది. ఈ ఉత్తరాలున్నచోట ఆ గడిలో విశ్వవిద్యాలయమే ఉంటుంది. మా నాన్న వేసినలాంటి లెక్కని ఇంకొకరు వేసే అవకాశమే లేదు. పెళ్ళికాని ఆడపిల్లకి ఇంతకంటే పదునైన వాక్యం ఏ మానిఫెస్టోలోనూ నేను చదవలేదు.

మన దేశపు సాయం సంగతీ చెప్పాలి. ఎక్కువగా దళిత విద్యార్థులకి కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఏడాదికి 125 మందికి, అందులో ముప్ఫై శాతం స్త్రీలకి. ఈ అమ్మాయికి అన్ని అర్హతలూ ఉన్నాయి, ఒక్కటి తప్ప. 2022లో ఆ పథకం నిబంధనలు మార్చి, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సమాజం మీద పరిశోధనలకి ఇవ్వబోమన్నారు. ఆమె పని చెయ్యాలనుకున్నది తెలుగు దళిత స్త్రీల కవిత్వాన్ని నల్లజాతి అమెరికన్ స్త్రీల కవిత్వంతో కలిపి. తన గురించి తను విదేశంలో చదవడానికి తన ప్రభుత్వం డబ్బివ్వదు! ఇస్తామన్నవాళ్ళకైనా గ్యారంటీ లేదు. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే పత్రాలు ఇచ్చి, మిగిలినవాళ్ళకి నిధులుంటే ఇస్తామన్నారు. నిధుల లభ్యతనుబట్టి. ఆ పెద్ద నగరపు ఉత్తరంలోని వాక్యమే.

ఎదురుచూపు గురించి కూడా రెండు మాటలు. మన అలంకార శాస్త్రం ఎదురుచూసే ఆడదాన్ని ఎంత శ్రద్ధగా వర్గీకరించిందో మీకు తెలుసు. వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ప్రోషితభర్తృక... ఎనిమిదిమంది నాయికల్లో సగానికి పైగా వాడి రాకపోకల్నిబట్టే పుట్టారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అర్ధరాత్రి లేచి మెయిలు చూసుకునే అమ్మాయికి అందులో చోటు లేదు. వాళ్ళకి పగలు మనకి రాత్రి. వెయిటింగ్ లిస్టులో ఎన్నో స్థానమో చెప్పరు. “మీ అభ్యర్థిత్వం మీద మాకెంతో గౌరవముంది” అంటారు. విప్రలబ్ధకి కూడా ఇంత మర్యాదైన కబురు అంది ఉండదు.

దీనికొక గడువుంది, ఏప్రిల్ పదిహేను. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ళ కౌన్సిల్ ఒప్పందం ప్రకారం, డబ్బుతో కూడిన ఆఫర్‌కి ఆ తేదీకి ముందే జవాబివ్వమని విద్యార్థిని ఒత్తిడి చెయ్యకూడదు. డబ్బులేని ఉత్తరానికి ఈ రక్షణ వర్తించదు. చేతిలో నాలుగు ఉన్నవాళ్ళు మూడు వదిలితేనే జాబితా కదులుతుంది, కాబట్టి పట్టుకు కూర్చోవడం ఎవరి సీటునో పట్టుకు కూర్చోవడమే.

నేను ఇచ్చిన సలహా తప్పు. పిహెచ్.డి. జాబితా కోసం పదిహేను రాత్రి దాకా ఆగమన్నాను, అదీ రాకపోతే పెద్ద నగరానికి వెళ్ళమన్నాను. పెద్ద లైబ్రరీలు, పెద్ద పేర్లు. పద్నాలుగేళ్ళ కిందట నేను పోగొట్టుకున్నదాన్ని ఆమె చేత తెప్పించుకుందామనుకున్నానేమో. ఆమె మర్యాదగా విన్నది. “అక్కా, అక్కడ అద్దె కట్టాక ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. రెండో ఏడు ఉంటుందో లేదో తెలియకుండా నేను కవిత్వం చదవలేను” అంది. పన్నెండో తారీఖున చిన్న ఊరికి ఒప్పుకుంటూ, పెద్ద ఊరికి వద్దంటూ, జాబితా నుంచి తన పేరు తీసెయ్యమంటూ మూడు ఉత్తరాలు రాసింది. వద్దన్న ఉత్తరంలో క్షమాపణలు మూడుసార్లు ఉంటే రెండు నేను కొట్టేశాను. నా విమర్శ పనికొచ్చింది అక్కడే.

మే చివర్లో అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల అపాయింట్‌మెంట్లు ఆపేసింది, మూడు వారాల తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. ఆ మూడు వారాలూ నాయిక మళ్ళీ ఎదురుచూసింది. జులైలో వీసా వచ్చింది.

ఇంత చదివి నేను చూడనిది ఒకటుంది. డబ్బిచ్చే ఆ ఉత్తరం అక్కడికి చేరాకే మొదలవుతుంది. మొదటి స్టైపెండు సెప్టెంబరు చివర. సెవిస్ రుసుం 350 డాలర్లు, వీసా రుసుం 185, విమానం టికెట్టు, గదికి అడ్వాన్సు, అంతకుముందే తొమ్మిది దరఖాస్తులకి కట్టిన డబ్బు - ఇవేవీ అందులో లేవు. వాళ్ళమ్మ ఒక హాస్టల్లో వంట చేస్తుంది. పొదుపు సంఘంలో తన పేరుమీద అప్పు తీసుకుని ఇచ్చింది. కారణం ఏం రాయించావని అడిగితే, గేదె కొనడానికని రాయించిందట. ఆ వాయిదా ఇప్పటికీ నెలనెలా ఆవిడే కడుతోంది.